మర్డో సముద్రాన్ని ఆపిన మంగళవారం

"చూడక్కా, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు," అన్నాడు మర్డో.

ఆ మాటతో మొదలుపెట్టాడంటే మేం గ్లాసులు నింపుకుని సర్దుక్కూచోవాల్సిందే. కానీ ఆ గురువారం సాయంత్రం డొలీనక్క హోటల్లో ఎవరూ గ్లాసు జోలికి పోలేదు. బయట వాన. లోపల పొయ్యి ముందు మర్డో, బల్ల వెనక డొలీనక్క, ఆవిడ అరచేతి కింద వ్యాను తాళాలు.

నేను ఫిన్లేని, గొర్రెలు కాసుకుంటాను. మర్డో కోతలు చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఆ వ్యాను డొలీనక్కది. హోటల్లో దిగినవాళ్ళని పొద్దున ఎక్కించుకుని, పాత యుద్ధభూమీ, జలపాతమూ, సముద్రంలో ఉన్న కోటా చూపించి సాయంత్రానికి దింపడం మర్డో పని. మంగళవారం కెనడా నుంచి వచ్చిన కిన్నియర్ మేడమ్ అనే పెద్దావిడ ఒక్కర్తినే తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఇద్దరూ నిలువునా తడిసున్నారు, వ్యాను సీట్ల కింద ఇసుకా నాచూ. ఏం జరిగిందని అడిగితే మేడమ్ నోరు విప్పలేదు. జ్వరంతో గదిలో పడుకుని, ఈ పొద్దున సూట్‌కేసు పట్టుకుని రైలుకి వెళ్ళిపోయింది.

రేపు ఒక జంట వస్తోంది, వెంట ఐదేళ్ళ కూతురు. పోటు లేనప్పుడు ఇసుక మీదుగా కోట దాకా నడిచి వెళ్ళచ్చు, అలాగే వెళ్తామని ముందే చెప్పారు. తాళాలు మర్డోకి ఇవ్వాలా వద్దా అన్నది ఇప్పుడు తేలాలి. వ్యాను పోతే వాడికి ఇంకో బతుకుతెరువు లేదు, ఆ సంగతి అందరికీ తెలుసు.

"నాకు సోది వద్దు," అంది డొలీనక్క. "పోటొచ్చేసరికి నువ్వు ఒడ్డున ఉన్నావా, కోటలో ఉన్నావా? అది చెప్పు."

"అక్కడికే వస్తున్నానక్కా! మధ్యలోంచి చెప్తే నీకేం అర్థమవుతుంది? పొద్దున యుద్ధభూమి దగ్గర ఆవిడ రాళ్ళ మీద పేర్లు చదువుతూ కళ్ళు తుడుచుకుంది. నేను టోపీ తీసి నిలబడ్డా. ఒక్క ముక్క మాట్లాడలేదు."

"నువ్వా?" అన్నాను.

"ఒరేయ్ ఫిన్లే, నువ్వు నీ గొర్రెల సంగతి చూసుకో. జలపాతం అయింది, సూపు తాగించా, కోట ఒడ్డుకి వచ్చాం. ఆవిడ ముత్తవ్వ పుట్టింది ఆ కోట ఎదురుగానేనట. భూస్వాములు వాళ్ళని ఊళ్ళోంచి వెళ్ళగొడితే ఓడెక్కి పోయారట. ఆ గోడ మీద ఒక్కసారి చెయ్యి వేద్దామని ఇంత దూరం వచ్చిన మనిషిని పట్టుకుని, 'అదిగోనమ్మా కోట, ఫొటో తీసుకుని పదండి' అంటామా? నువ్వైతే అంటావా?"

"పోటు ఎప్పుడో పట్టికలో చూశావా?"

"గోడకి నువ్వు అంటించిందే చూశా. గంట కలిపావా అంటావు, కలిపా! పట్టిక ఎప్పుడూ చలికాలం టైములోనే వేస్తారు, వేసవిలో గడియారాలు గంట ముందుకి తిప్పుతాం కనక మనమే గంట కలుపుకోవాలని ఇక్కడ పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు."

డొలీనక్క నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఈ ఏడాది పట్టికలో ఆ గంట ముందే కలిపి అచ్చేశారు. అడుగున చిన్న అక్షరాల్లో ఆ మాట రాశారు కూడా. మర్డో మళ్ళీ ఇంకో గంట కలిపాడన్నమాట. నీళ్ళు మళ్ళీ ఒడ్డు వైపు తిరిగే వేళకి ఆ ముసలావిణ్ణి ఇసుకలోకి దింపాడు, ఈ నిమిషానికి కూడా అది వాడికి తెలీదు.

మర్డో ఆగలేదు. "నడిచి వెళ్ళాం. తడి మడమ దాటలేదు. ఆవిడ గోడ మీద చెయ్యి వేసింది, నేను కోటేలిన రాజుల సంగతి ఎత్తుకున్నా. మూడో రాజు దగ్గరుండగా నా చెవినేదో పడింది. ఏంటో తెలుసా?"

"ఏంటి?" అన్నారు మూలనుంచి ఎవరో, ఉండబట్టలేక.

"నీళ్ళు! ఇంకా రాలేదు, బయల్దేరుతున్నాయి. అల్లంత దూరాన ఐర్లండ్ దగ్గర సముద్రం లేచి నడుం విరుచుకోవడం నాకు వినపడింది. 'మేడమ్, మిగతా రాజులు ఒడ్డు మీద' అని చెయ్యి పట్టుకుని దిగా. దిగేసరికి పొగమంచు. ముందు లేదు, వెనక లేదు. మోకాలు దాటాయి. ఆ నీళ్ళు చల్లగా ఉండవక్కా. కాళ్ళు మనవి కావనిపిస్తుంది, అంతే."

ఆ ఒక్క ముక్కా వాడు గొంతు తగ్గించి అన్నాడు. వెంటనే మళ్ళీ గొంతు పెంచాడు.

"నడుం దాకా వచ్చాయి. ఆవిడ పిట్టంత మనిషి, ఏమైపోతుంది? ఎత్తి భుజాల మీద కూచోబెట్టుకున్నా. ఆవిడ ఒళ్ళో సంచీ, చేతిలో గొడుగు. ఛాతీ దాకా వచ్చాయి, గడ్డం దాకా వచ్చాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

అప్పుడే వాడి వెనక తలుపు తెరుచుకుంది. వానజల్లు లోపలికి కొట్టింది.

"ఆ తలుపెయ్యండ్రా, చలి!" అని మర్డో తల తిప్పకుండానే అరిచాడు.

తలుపు వేసింది కిన్నియర్ మేడమే. చేతిలో సూట్‌కేసు, కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కొండచరియ విరిగి రైలు పట్టాల మీద పడిందని తర్వాత తెలిసింది. ఆవిడ మమ్మల్ని చూసింది, మర్డో వీపు చూసింది, సూట్‌కేసు చప్పుడు కాకుండా కింద పెట్టి అక్కడే నిలబడింది. నేను మర్డోకి సైగ చేశాను, కనుబొమ్మలెగరేశాను, దగ్గాను.

"చూశావా, ఫిన్లేగాడికే కళ్ళు తేలిపోయాయి!" అన్నాడు మర్డో సంబరంగా. "అసలు కథ ఇప్పుడే మొదలైందిరా. నీళ్ళు నా తల మీదుగా పోయాయి. ఈదచ్చుగా అంటావేమో. ఈదితే పైనున్న మనిషి పడిపోదూ? అందుకని ఊపిరి బిగబట్టి సముద్రం అడుగున నడిచా. ఒడ్డు మీంచి చూస్తే నీళ్ళ మీద గొడుగొక్కటే కదులుతున్నట్టుంటుంది. పైన ఆవిడకి భయమేస్తుందేమోనని, మిగిలిన రాజుల చరిత్ర కిందనుంచే చెప్పా!"

"నీళ్ళలోంచా?" అంది డొలీనక్క నీరసంగా, చూపు తలుపు దగ్గరే పెట్టి.

"నీళ్ళలోంచే! నేనిక్కడ మాట అంటే బుడగయి పైకెళ్ళేది, అక్కడ పగిలితే ఆవిడకి రాజు పేరు వినపడేది. ఏడో రాజు బుడగ కాస్త పెద్దదైంది, వాడికి ముగ్గురు పెళ్ళాలు కదా."

ఎవరో కిసుక్కుమని అంతలోనే నోరు నొక్కుకున్నారు. నాకు మాత్రం మర్డో నోటికి చెయ్యి అడ్డం పెడదామా అనిపించింది.

"ఇంతలో ఎదురుగా సొరచేప. ఈ హోటలంత ఉంటుంది, నోరు తెరుచుకుని వస్తోంది. అక్కడ రెండు బండల మధ్య ఇరుకు, ఒక్కళ్ళకే దారి. ఒక్క బండే పట్టే మన రోడ్డు మీద ఎదుటి బండి వస్తే ఏం చేస్తాం? నేను మర్యాదగా బండ పక్కకి తప్పుకుని దారిచ్చా. దారిస్తే మన డ్రైవర్లు థాంక్సని స్టీరింగు మీంచి వేలెత్తరూ, అచ్చం అలాగే అదీ రెక్క చివర కాస్త ఎత్తి వెళ్ళిపోయింది. ఈమధ్య వచ్చే కారు వాళ్ళకి ఆ పాటి సంస్కారం లేదు."

"ఒడ్డుకొచ్చావా లేదా?" అన్నాను. ఏదో ఒకలా ముగిస్తే చాలు.

"వచ్చేసరికి నీ వ్యాను తేలుకుంటూ సముద్రంలోకి పోతోందక్కా! భుజాల మీద మేడమ్‌ని దించకుండానే వెనక బంపరు పట్టుకున్నా. అది అటు లాగుతోంది, నేను ఇటు. లాభం లేదని సముద్రం వైపు తిరిగి మన పాత గేలిక్ భాషలో తిట్టా. మా తాత ఎద్దుని తిట్టే తిట్లు. దానికి ఇంగ్లీషు అర్థం కాదు కదా! ఆగిపోయింది. పోటు పోటంతా నా మోకాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడింది. అదీ సంగతి. నీ వ్యాను దక్కింది, మేడమ్ పాదాలకి తడి అంటలేదు. ఇంకేం కావాలి? తాళాలు ఇలా పడెయ్. రేపు ఆ చంటిదాన్ని కూడా ఇలాగే భుజం మీద పెట్టుకుని కోట చూపించి తెస్తా. నా చెయ్యి పట్టుకుంటే ఏ సముద్రం ఏం చేస్తుంది?"

చెయ్యి చాపాడు. డొలీనక్క వేళ్ళు తాళాల మీద బిగుసుకున్నాయి.

"మర్డో, బాబూ," అంది కిన్నియర్ మేడమ్.

వాడి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మెల్లగా తిరిగాడు.

"నువ్వు చెప్పిందాంట్లో చాలావరకు నిజమే," అందావిడ. "నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. పొగమంచు కమ్మింది. ఒకళ్ళు ఇంకొకళ్ళని వీపు మీద వేసుకుని దాటించారు. ఎవరు ఎవరి వీపు మీద ఉన్నారన్నది ఒక్కటే తారుమారైంది."

ఆవిడ నడిచి వచ్చి పొయ్యి దగ్గర నిలబడింది.

"మా నాన్న చేపలు పట్టేవాడు. నీళ్ళంటే నాకు భయం లేదు, నీళ్ళలో మనిషి బరువూ తెలీదు. ఇతనికి ఈత రాదు, సగం దూరంలో కాళ్ళు రాయైపోయాయి. భయం తప్పు కాదు. ఇతని పొట్ట కొట్టడం ఎందుకని ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోదామనే స్టేషన్‌కి వెళ్ళాను. తలుపు దగ్గర ఇదంతా విని కూడా ఊరుకునేదాన్నే. కానీ రేపు చిన్నపిల్ల అన్నాడు."

ఆవిడ కోటు చెయ్యి పైకి మడిచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లగా కమిలిపోయి ఉంది. ఐదు వేళ్ళూ విడివిడిగా కనిపిస్తున్నాయి.

"నీళ్ళలో ఇతను పట్టుకున్న చెయ్యి ఇది. ఒడ్డుకి వచ్చాక ఒక్కో వేలూ నేనే విడదీయాల్సి వచ్చింది. ముదిరిన ఎముక కనక తట్టుకుంది," అంది. "ఐదేళ్ళ పిల్ల చెయ్యి ఎంతుంటుంది, మర్డో?"

మర్డో ఆ కమిలిన చేతినే చూస్తూ ఉండిపోయాడు. నాకు వాడి మీద కోపం రావాలి, జాలేసింది.

డొలీనక్క తాళాలు తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. మేడమ్‌కి కుర్చీ జరిపి, వేడి సూపు ముందు పెట్టింది. ఆ తర్వాతే మర్డో వైపు తిరిగింది.

"రేపు బండి నేను నడుపుతా. కోట ఒడ్డు మీంచే చూపిస్తాం. నువ్వు వెనక సీట్లో కూచుని రాజుల గురించి చెప్పు, సొరచేపల గురించి చెప్పు, నీ ఇష్టం. ఆ పిల్ల చెయ్యి మాత్రం పట్టుకోకు."

మర్డో తలూపాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచున్నాడు.