ఎగువకి ఒరిగిన ఈత

పన్నెండు వేలు పెట్టుకుని ఈ ఈత కోచింగ్ మొదలెట్టానండీ హెప్సిబా మామ్మగారూ. కాస్ట్యూమ్, గాగుల్స్, విజయవాడ బస్సులు... అయిపోయాయి. పోతే పోనివ్వండి, మళ్లీ సంపాదించుకుంటాను. ఆ పిల్ల మొహమే చూడలేకపోతున్నాను!

భవితేనండీ. పెడనలో కలంకారీ అద్దే బుచ్చిరాజుగారి అమ్మాయి. అద్దిన బట్టలు కాలువలో జాడిస్తుంటే, చేజారినదాని వెంటపడి ఈది పట్టుకొచ్చేది. అది చూసే కదా, ఈ పిల్లని ఛాంపియన్‌ని చేస్తానంటూ మీ దగ్గరకి పరిగెత్తుకొచ్చాను.

మీరేమన్నారు? "కాలువకి అడ్డంగా ఈదించు. నీళ్లు లాగేస్తాయి, ఎగువకి ఒరిగి ఈదాలి. ఈదేది ఒకవైపే, వెనక్కి వంతెన మీద నడిచి రావాలి" అన్నారు.

మీరు అవనిగడ్డలో నేర్చుకున్నదీ అలాగేనటగా! పాస్టరుగారు, అదే మీ నాన్నగారు, కాలువలో బాప్తిస్మాలిస్తుంటే, మీరు దిగువన పీకలోతు నీళ్లలో ఎగువకి ఒరిగి నిలబడి, కాలు జారిన ఆడవాళ్లని పట్టుకునేవారట. పదేళ్ల పిల్ల!

తర్వాత యాభై ఆరులో మద్రాసు పోటీలు. పూల్‌లో నీళ్లు కదలవు కదండీ. మీ ఒళ్లు మాత్రం కాలువలో ఎగువ ఎడమవైపుండే అలవాటుకొద్దీ ఎడమకే ఒరిగింది. పక్క లైనులోకి వెళ్లిపోయారు. అందరికన్నా ముందొచ్చి కూడా ఔట్.

మరుసటేడు అదే పూల్‌లో గెలిచారు. ఎలా సరిచేసుకున్నారండీ అంటే "రేపు రా, చెప్తాను" అన్నారు. ఆ రేపు పొద్దున్నే కదా మీకు పక్షవాతం!

నేనేం ఊరుకోలేదండీ. కదలని నీళ్ల కోసం ముదినేపల్లి చేపల చెరువులన్నీ తిరిగాను. "పిల్ల దిగితే చేపలు మేత మానేస్తాయి బాబూ, ఇంకోచోట చూసుకో" అన్నారు చెరువులవాళ్లు. ఇంకేం చేయను? తిన్నగా వెళ్లమ్మా అని చెప్పి పంపాను.

నిన్న విజయవాడ పూల్‌లో సెలెక్షన్లు. ముప్పై మీటర్ల దాకా తనే ముందు! తర్వాత లైన్ల మధ్య కట్టిన తాడు కిందుగా పక్క లైనులోకి దూరిపోయింది. ఔట్. బయటికొచ్చి ఏమందో తెలుసా? "నేను తిన్నగానే వెళ్లానన్నయ్యా, పూలే వంకరగా ఉంది" అంది.

నవ్వాలా, ఏడవాలా?

బుచ్చిరాజుగారేమో "వచ్చే నెల పోటీల్లో ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే ఈత మాన్పించి అద్దకం అచ్చు చేతికిస్తాను" అన్నారు. ఆయనన్నంత పనీ చేస్తారండీ.

ఈ ఒరుగుడు ఎలా సరిచేసుకోవాలో తెలిసింది మీ ఒక్కరికే. నోరు రాకపోతే పోయింది, అవునంటే కళ్లు మూయండి. కుడిచేతి జోరు తగ్గించారా? మూశారు! కాదంటే గోడ మీద గుర్తు చూసుకుంటూ ఈదారా? దానికీ మూశారే. పోనీ, మీ పేరు నాగేశ్వరమ్మగారా?

అయ్యో... దీనికీనా?

ఉండండి, పడిపోయేలా ఉన్నారు. ఈ దిండు ఎడమవైపు పెడతాను. హమ్మయ్య, నిటారుగా... అదిగో, మళ్లీ దిండుని నెట్టేసి అటే ఒరుగుతున్నారు! ఈ గదిలో ఏ కాలువ పారుతోందండీ మిమ్మల్ని లాగడానికి?

భవిత బయట అరుగు మీద కూర్చుంది. మామ్మగారు ఏం చెప్పారన్నయ్యా అని అడుగుతుంది. చెప్పారని అబద్ధమాడితే, ఏం చెప్పారనాలి?

సరే, తలుపు తీసి లోపలికే పిలుస్తాను. మామ్మగారికే ఆ ఒరుగుడు ఇంకా సరికాలేదమ్మా, నువ్వే చూసుకో అంటాను.