చెవుల్లో బుడబుడ

ఈత పోటీ ముగిసింది. కొలను గట్టు మీద తండ్రి తన కూతురి తడిజుట్టు తుడుస్తున్నాడు.

"ఇంకొక్క సెకను తగ్గించి ఉంటే జట్టులోకి తీసుకునేవాళ్లు, తల్లీ."

"నాన్నా, నేను వెల్లకిలా ఈదడం చూశావా?"

"స్టాప్‌వాచ్ చూస్తున్నానమ్మా."

"మొత్తం సేపూనా?"

"మరి నీ టైం ఎవరు చూస్తారు?"

"టైం మా కోచ్ సారు చూస్తారు. నన్నెవరు చూస్తారు? రేపట్నుంచి నేను రాను."

"అంత మాటనకు. ఈతంటే ఇష్టం పోయిందా?"

"చాలా ఇష్టం. వెల్లకిలా పడుకుంటే చెవుల్లో బుడబుడమని భలే ఉంటుంది. గట్టెక్కితేనే నీ సెకన్ల గోల."

తండ్రి తువ్వాలు పక్కన పెట్టాడు.

"ఆ బుడబుడేదో నాకూ వినిపించవా?"

"నీకు నీళ్లంటే భయం కదా."

"భయమే. లోతు లేని వైపు తీసుకెళ్లు. చెయ్యి మాత్రం వదలకు."