బలద్ సందుల్లో కాలేషా

(జిద్దా పాత ఊరు బలద్. 2006. ఎండ చల్లబడే వేళ. మక్కాలో ఉమ్రా యాత్ర ముగించుకున్న హాజిరాకు ఊరు చూపిస్తున్నాడు బాబావలి. ఆమె భర్త కాలేషాతో ఒకే గదిలో ఉన్నవాడు. ఇద్దరూ ఒకరినొకరు మొదటిసారి చూసుకున్నది ఈ పొద్దునే.)

"ఇంకో ఇల్లు వద్దు బాబావలీ. పొద్దున్నుంచీ ఇండ్లే చూపిస్తాండావు."

"ఈ ఒక్కటి చూడు వదినా. సముద్రంలో రాయి కోసుకొచ్చి కట్టినారంట. పగడపు రాయి. చెయ్యి పెట్టి చూడు, గరుగ్గా ఉంటుంది."

"పెట్టినా. ఇందాకటి ఇంటికీ పెట్టినా, దాని ముందుదానికీ పెట్టినా. మా ఆయన యాడున్నాడో రాయి చెప్తుందా?"

"అట్లంటే ఎట్లా. జిద్దాకు వచ్చి బలద్ చూడకుండా పోతే..."

"నేను ఊరు చూడను రాలేదు. నాలుగేండ్లయింది, జాబు లేదు, ఫోను లేదు. ఆయన పాత జాబుల్లో నీ నంబరు ఎతికి పట్టుకొని ఫోన్ చేసినా. 'నువ్వు ఉమ్రాకు రా వదినా, కూర్చొని మాట్లాడతా' అన్నావు. కూర్చోనే లేదు. ఉన్నాడా, పోయినాడా? ఆ ఒక్క మాట చెప్పు."

"చెప్తా. నడస్తా చెప్తా. కొంచెం ఎడంగా రా వదినా, నాలుగడుగులు ఎనకాల. ఈ దేశంలో పక్కపక్కన నడిస్తే అడుగుతారు."

"ఎనక నుంచి నీ వీపు తప్ప నాకేం కనపడదు."

"పైకి చూడు. ఆ కొయ్య కిటికీలు ఉండాయే, రోషన్లంటారు. లోపలి ఆడోళ్లకు వీధంతా కనపడుతుంది. వీధిలోవాళ్లకు ఆడోళ్లు కనపడరు."

"ఇప్పుడెవరన్నా ఉండారా లోపల?"

"యాడుంటారు. సొంతగాళ్లు కొత్త ఊర్లోకి పోయినారు. ఇప్పుడు మనట్లాంటి కూలోళ్లే, గదికి పదిమంది. కొన్నిట్లో అదీ లేదు. ఆ మూల ఇల్లు చూడు, పక్కింటి మీదికి ఒరిగిపోయింది. తాళమేసి ఎన్నేండ్లయిందో."

"ఆ ఇంటి కిటికీ కదిలింది."

"గాలి."

"గాలి యాడుంది? నా బురఖా అంచు కదల్లేదు."

"పావురాలుంటాయి వదినా. పద. ఇదిగో, పెద్ద షావుకారి ఇల్లు. లోపల మెట్లు వెడల్పుగా, ఎత్తు లేకుండా కట్టినారంట, ఒంటె బరువెత్తుకొని పైదాకా ఎక్కిపోయేదానికి."

"మన ఇండ్లల్లో మనిషి ఎక్కేదానికే మెట్లుండవు."

"ముందర చెట్టు చూడు. ఏం చెట్టో చెప్పు."

"యాపచెట్టు. మన యాపచెట్టే."

"మన దేశం నుంచే తెచ్చినారంటారు. ఒకప్పుడు ఊరంతటికీ చెట్టంటే ఇదొక్కటేనంట. శుక్రవారం పనిలేని పూట ఈడ కూర్చునేవాళ్లం, నేనూ కాలేషా అన్నా."

"ఏం మాట్లాడేవాడు?"

"నీ గురించే. సంగటి కెలికేటప్పుడు తిడతా కెలుకుతావంట. పిండిని తిడతాందో నన్ను తిడతాందో తెలిసేది కాదు బాబావలీ అనేవాడు."

"ఇద్దర్నీ తిట్టేదాన్ని. ...నిలబడు. ఎవరో పిలిచినారు."

"ఎవర్ని?"

"కాలేషా అని. ఆ టీ అంగడి కాడ నుంచి."

"అది కేరళాయన అంగడి. వాళ్ల భాషలో ఇంకేదో అనుంటాడు."

"మళ్లా పిలిచినాడు. 'కాలేషా భాయ్, చాయ్' అంటాండాడు. నీకూ వినపడింది. మొగం తిప్పుకున్నావు."

"ఆ పేరు చానామందికి ఉంటుంది వదినా."

"మన కడప, అనంతపురం దాటితే ఎవరికీ ఉండదు. మక్కాలో పదైదు దినాలు అన్ని దేశాల మనుషుల మధ్య తిరిగినా. ఆ పేరు ఒక్కసారి వినపడలేదు. ఈడికొచ్చినాక ఇది మూడోసారి. చేపల అంగట్లో ఒకడు పిలిచినాడు. గుడ్డల సందులో ఆ బెంగాలీ దర్జీ పిలిచినాడు."

"పద వదినా, బాబ్ మక్కా చూద్దాం. పాత ఊరి వాకిలి. మక్కాకు పోయేవాళ్లంతా..."

"ఆయన ఈడనే ఉన్నాడా? నాకు కనపడకుండా దాంకున్నాడా?"

"లేదు."

"ఇంకో పెండ్లి చేసుకున్నాడా? చేసుకుంటే చేసుకున్నాడులే, చెప్పు. నేనేం ఈ సందులో కూర్చొని ఏడ్చను."

"చేసుకోలేదు."

"జైల్లో ఉన్నాడా?"

"లేదు వదినా. మీ బస్సు ఎన్నింటికి?"

"పొద్దు గుంకినాక, మగ్రిబ్ నమాజ్ అయినాక. మా అన్న మహబూబ్ బాషా కాళ్లు వాచి బస్సులోనే కూర్చున్నాడు. ఈ రాత్రికే విమానం. ఇంక నీకు గంట టైముంది. గంటలో ఎన్ని ఇండ్లు చూపిస్తావో చూపించు."

"ఇండ్లు అయిపోయినాయి. ఒక గోడ ఉంది. కొంచెం దూరం. నడవగలవా?"

"పొద్దున్నుంచీ నడస్తానే ఉండా కదా."

"వచ్చేసినాం వదినా. ఇదే."

"ఏం గోడ ఇది, ఇంత పొడుగు? లోపల ఏముంది?"

"అమ్మ హవ్వా ఖబరస్తాన్. మనుషులందరికీ తల్లిని ఈడనే పూడ్చినారంటారు."

"ఒక్క నిమిషం ఉండు. సలామ్ చెప్పుకొని వస్తా."

"ఆడోళ్లను రానీరు వదినా."

"తల్లి కాడికి కూతుర్లను రానీరా?"

"ఈ దేశంలో ఏ ఖబరస్తాన్‌లోకీ రానీరు. ఈ గేటు సందులోంచి చూడొచ్చు. రా, చూడు."

"అన్నీ ఒకటే మాదిరి గట్లు. ఒక్కదాని మీదా పేరు లేదు."

"పేర్లు రాయరు. ఎడమ పక్క గోడెంబడి చూడు. నాలుగో వరస. చివర నుంచి మూడోది."

"చూస్తాండా."

"అది ఆయనది. వదినా, కూర్చో. ఇదిగో, నీళ్లు తాగు."

"ఎప్పుడు?"

"నాలుగేండ్లయింది. రజబ్ నెల."

"నాలుగేండ్లు. అంటే మొగుడు పోయినాక నేను ఇంటిపట్టున ఉండాల్సిన ఇద్దత్ నాకు తెలీకుండానే మొదలై, నాకు తెలీకుండానే అయిపోయింది. నేనేమో గాజులేసుకొని, పండగ పండగకూ పూలు పెట్టుకొని తిరిగినా. మనిషి పోతే ఇంటికి కాయితం రాదా బాబావలీ?"

"వచ్చింది. మా ఇంటికి."

"మీ ఇంటికెందుకు?"

"ఆయన జేబులో ఉండింది నా కార్డు."

"నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

"ఆయన కఫీలు, అదే పనిలో పెట్టుకున్న అరబ్బు, ఈయన పారిపోయినాడని పోలీసులకు రాసిచ్చినాడు. ఇంక ఈ దేశంలో ఉండేదానికిచ్చిన ఆయన ఇకామా కార్డు చెల్లదు. దాన్ని చూపిస్తే పట్టుకుంటారు. ఆ దినం నాకు జరం. 'నీ కార్డు ఇయ్యి, నీ బదులు నేను పనికి పోతా' అన్నాడు. ఇచ్చినా. ఇద్దరికీ గడ్డమే, ఫొటోలో తేడా ఎవరు చూస్తారు. అందరూ చేసేదే వదినా. నాలుగో అంతస్తు నుంచి పరంజా ఊడింది. కార్డు చూసి, చచ్చిపోయినోడు బాబావలి అని రాసుకున్నారు."

"మీవాళ్లు?"

"ఈడనే పూడ్చేదానికి ఒప్పుకుంటాండామని నా పెండ్లాం ఆసిఫా చేత వేలిముద్ర ఏయించుకున్నారు. జనాజా నమాజ్‌లో నేనూ నిలబడినా. అందరూ బాబావలి కోసం దువా చేస్తాండారు. నేను ఆఖరు వరసలో ఉండా."

"బతికుండానని ఆ పిల్లకు ఒక్క మాట చెప్పలేదా?"

"కార్డు ఇచ్చినందుకు జైల్లో ఏస్తారని భయపడినా. నెల దినాలు ఆగి ఫోన్ చేసినా. 'ఆసిఫా, నేను' అన్నా. ఆమె గట్టిగా దువా చదువుతా ఫోన్ పెట్టేసింది. దయ్యమనుకుంది. మళ్లా చేసే ధైర్యం నాకు రాలేదు."

"మొగుడు బతికుండంగానే ఆ పిల్ల గాజులు తీసేసింది. అయితే ఈ సందుల్లో కాలేషా అంటే..."

"నేనే. పొద్దున్నుంచీ వాళ్లు పిలిచింది నన్నే. నాకు మిగిలింది ఆయన కార్డే కదా. చెల్లని కార్డైనా పేరంటూ ఒకటుండాల. మొదట్లో ఎవరన్నా కాలేషా అని పిలిస్తే ఉలిక్కిపడేవాణ్ణి. ఇప్పుడు నువ్వు బాబావలీ అని పిలుస్తాంటే ఉలిక్కిపడతాండా."

"ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా."

"చెప్పొచ్చు. కానీ మొగం చూసి అడగాల్సింది ఒకటుంది. నోరు రాక ఇండ్లెంబడి తిప్పినా."

"అడుగు."

"ఇంటికి పోవాల వదినా. నేను వచ్చేటప్పుడు ఆసిఫా కడుపుతో ఉండింది. బిడ్డను చూడనే లేదు. పోయేదానికి ఔట్‌పాస్ కావాలని మన ఎంబసీవాళ్లకు రాసుకున్నా. కాలేషా పేరుతోనే. ఇంకే పేరుతో రాసుకోను, బాబావలి ఆ గోడ లోపలుండాడు కదా. వాళ్లు మీ ఊరికి విచారణ పంపుతారు. నా ఫొటో పట్టుకొని పోలీసాయన మీ గడప కాడికి వస్తాడు. 'ఈయన నీ మొగుడేనా' అంటాడు. కాదంటివా, నేను ఈడనే ఉండి ఈడనే పోతా. అవునంటే..."

"అవునంటే మా ఆయన బతికున్నట్టు."

"అవును."

"నేను పోయేదాకా నాకు మొగుడు ఉన్నట్టు. ఆయన పేరు మీద ఫాతెహా ఇప్పించేదానికి లేదు. నలుగుర్లో కూర్చొని ఏడ్చేదానికి లేదు. ఎట్లా పోయినాడని ఎవరికీ చెప్పేదానికి లేదు."

"ఇష్టం లేకపోతే వద్దులే వదినా. నీ కాళ్లు పట్టుకొని అడిగే మొగం కూడా నాకు లేదు. వాళ్లు వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు..."

"వచ్చినారు."

"ఎవరు?"

"పోలీసాయన. మూడు నెలల కింద వచ్చినాడు. ఫొటో చూపించినాడు."

"ఏం చెప్పినావు?"

"ముక్కూ మొగం తెలీని మనిషి. కింద మా ఆయన పేరు. కాదంటే ఆ మనిషి మళ్లా నాకు దొరకడనుకున్నా. మా ఆయన సంగతి తెలిసినోడు ఆయనొక్కడే కదా. అవును సార్, మా ఆయనే అని చెప్పి సంతకం పెట్టినా. ఆ తర్వాతనే నీ నంబరు ఎతికి ఫోన్ చేసినా. పొద్దున బస్సు దిగతానే, ఆ ఫొటోలో మనిషివి నువ్వేనని గుర్తుపట్టినా బాబావలీ. నీ అంతట నువ్వు చెప్తావని ఇంతసేపూ నీ ఎనకాల నడిచినా."