పసుపు నీళ్లలో దొరసాని తంబుర

పుచ్చిన చెక్క అంటగట్టినానా నేను? ఇంగోసారి అను సామీ. భజన మందిరంలో నలుగురి ముందర అన్యావంటనే, నా మొగం మీద అనేదానికి ఏమొచ్చింది?

ఉండు, ఉండు. ముందు ఆ తుండుగుడ్డ విప్పు. చూడనీ.

అయ్యో దేవుడా! వెనక బిల్ల ఊడిపోయిందే! పక్క చెక్కలు నోళ్లు తెరుచుకున్యాయే! మెడ ఒక దిక్కు, డొప్ప ఒక దిక్కు. తిమ్మన్న సామీ, మొన్న సోమవారం కదా ఇచ్చింది? ఇదే వాకిట్లో, నేను గడప ముందర నేల మీద పెడితే ఎత్తుకున్యావు. చెవి కాడ పెట్టుకొని టింగుటింగుమని మీటినావు. మీ తంబుర శ్రుతికి సరిపోయిందని పకపక నగినావు. పుచ్చు అప్పుడు కనపడలేదా నీకు?

ఏందీ? గట్టిగా చెప్పు. ఎండకు విచ్చుకున్యాదా?

ఎండంట! ఇన్నేండ్లూ మా ఇంటి మీద ఏం కాసింది సామీ, వెన్నెలా? కమలాపురం ఎండే కదా మాకూ కాసేది!

నాకంతా తెలుసు. మీ కొట్టంలో పేడ ఎత్తే భీమమ్మ కండ్లారా చూసింది. మంగళవారం పొద్దున మీ దొడ్లో తొట్టి నిండా పసుపు నీళ్లు కలిపి దాన్ని ముంచినారంట. డొప్ప మీది గుండ్రటి చిల్లిలో నుంచి లోపలికి కూడా నీళ్లు పోసి కలబెట్టినారంట. పీచుతో రుద్దినారంట. ఆ పైన వడియాల మాదిరి గోడ మీద ఆరేసినారంట. మాలోళ్ల ఇంటి నుంచి వచ్చింది కదా, కడగకుండా మందిరంలోకి ఎట్ల పోతాది!

చెంబు కడుగుతారు, బిందె కడుగుతారు, సరే. ఇది ఇత్తడిదా? సరేసు బంకతో అతికించిన పలచని చెక్క సామీ. నీళ్లలో నానబెడితే బంక కరగకుండా ఏం చేస్తాది? తడి తగలనీయొద్దు, ఎండలో పెట్టొద్దు అని చిలక్కి చెప్పినట్టు చెప్పినానా లేదా? సరే సరేనని తలకాయ ఊపినావే! వానొస్తే మా ఆయన తన అంగీ విప్పి దానికి కప్పి, తాను తడుసుకుంటా వచ్చేవాడు. ఆ కతా చెప్పినా నీకు.

ఏందీ? మీ అమ్మ కడిగిందా?

లక్ష్మీదేవమ్మ కడిగింది, నీకేం తెల్దు. పాపం! మరి ఆ తొట్టిలోకి నీళ్లు తోడింది ఎవరు సామీ? తల ఎందుకు దించుకుంటాండావు? ఎవరు తోడినారు?

చెప్పొద్దులే. నాకు తెలుసు.

మా ఆయన ఏసేపు ఎట్లాంటోడో ఊళ్లో ఇంగెవరికన్నా నీకే బాగా తెలుసు. మిషన్ బంగళాలో తోటపని చేసుకునేటోడు. దొరసానమ్మ వాళ్ల దేశానికి పోతా పోతా దీన్ని ఆయన చేతిలో పెట్టిపోయింది. యుకులేలేనో ఏమో దీని పేరు, నా నోరు తిరగదు. నాలుగు తీగెలు. మరీ చిన్నది కాదు, గిటారంత పెద్దదీ కాదు, నడిమి రకం. దొరసాని తంబుర అని పేరుపెట్టింది నువ్వే కదా?

ప్రతి శనివారం మీరంతా మందిరంలో కూచ్చొని పాడేది, మా ఆయన వెనక గోడ కాడ బండ మీద కూచ్చొని మీకు వాయించేది. లోపలికి రా ఏసేపూ అని ఒక్కనాడన్నా అన్యారా? ఆయనా అడగలేదులే. కిటికీలో నుంచి "ఏసేపూ, ఇంగొంచెం శ్రుతి పెంచప్పా" అని అరిచేది ఎవరు? ఆయనకు జరమొచ్చి రాకపోతే భజన చప్పగా ఉండాదని మా మాలపల్లెకు మనిషిని పంపింది ఎవరు? ఆయన వాయించింది గోడ దాటి మీ దేవుడి కాడికే వచ్చేది కదా. దానికి యా తొట్టిలో పసుపు కలిపినారు సామీ?

కొర్రలా? ఆ, అదీ చెప్పు. దీనికి బదులిచ్చిన కొర్రలు వాపసు ఇయ్యాలంటావు. తీసుకుపో. మూట అట్లనే ఉండాది, విప్పనే లేదు. మీ ఇంటికి పోయినాక వాటినీ కడుక్కోండి. కొర్రలు కడిగితే ఏం చెడిపోవులే.

నవ్వొస్తాండాది నాకు. ఏడుపూ వస్తాండాది.

మా చర్చిలో పాటలు పాడే లేవి అని ఒక పిల్లోడు లేడూ, కర్నూలు రాజధాని అయినాక ఆడ డేరాల్లో ఆఫీసులు పెడితే బంట్రోతుగా పోయినాడు. ఏసేపు చచ్చిపోయినాక, మొన్న పండక్కి వచ్చినప్పుడు దీని కోసం నా కాళ్లావేళ్లా పడినాడు. "పెద్దమ్మా, ఆ సామి ఇస్తానన్న కొర్రలకు రెండింతలు ఇస్తా, కన్నబిడ్డ మాదిరి చూసుకుంటా" అన్యాడు. ఆ పిల్లోడు దీన్ని కడిగేవాడు కాదు. ముద్దు పెట్టుకునేవాడు. అయినా ఇయ్యలేదు. నీకిచ్చినా.

ఎందుకో తెలుసా? నీ మీద ప్రేమ అనుకున్యావా?

కర్నూల్లో వాయిస్తే నాకు యాడ వినపడుతాది సామీ?

నీకిస్తే శనివారం పొద్దుగూకినాక పోయి ఆ బండ మీద కూచ్చోవచ్చు అనుకున్యా. లోపల వాయించేది నువ్వే అయినా, కండ్లు మూసుకుంటే ఏసేపే అనుకోవచ్చు కదా. నన్ను లోపలికి రమ్మనొద్దు, నాకేం ఇయ్యొద్దు. ఆ నాలుగు తీగెల చప్పుడు వినేదానికే అమ్మినా దీన్ని. ఇంగేం ఆశ లేదు నాకు.

ఇదో, ఈడ చూడు, మెడ కాడ. ఆయన బొటనవేలు పట్టీ పట్టీ నల్లగా, నున్నగా ఒక మచ్చ ఉండేది. దినానికోసారి దాని మీద నా వేలు పెట్టి చూసుకునేదాన్ని. అదీ పోయింది. బాగా రుద్దినారు. తెల్లగా వచ్చింది.

ఊళ్లో వడ్రంగితో అతికించి ఇస్తావా? ఏం వద్దు. అతికినా ఇది ఇంగ ఆయనది కాదు.

చేతికి ఇస్తాండావేంది, కొత్తగా? కింద పెట్టు. నేల మీద పెట్టు సామీ, ఎప్పటి మాదిరే. నువ్వు వెనక్కి జరిగినాక నేను తీసుకుంటా.

కొర్రల మూట ఆ మూలన ఉండాది, ఎత్తుకుపో. ఇల్లు చేరినాక గడప బయటనే నీళ్లు పోసుకుంటావు కదా? పోసుకో. బాగా పోసుకో.

నీకేం కాదులే. నువ్వు బంకతో అతికించినోడివి కాదు కదా, ఊడిపోయేదానికి.