మనిషి స్వభావం మీద మా తెగని తగాదా

అధ్యక్షస్థానంలో ఉన్న ప్రిన్సిపాల్ గుణశేఖర్ గారికి, వేదిక మీది పెద్దలకి, తోటి అధ్యాపకులకి, నా విద్యార్థులకి, ముందు వరసలో కూచుని తొందరగా ముగించమని కళ్ళతోనే చెప్తున్న మా ఆవిడ తాయారుకి నమస్కారం. (నవ్వులు)

ఇవాళ రిటైరయ్యేదాకా గాజువాకలో ఇన్నేళ్ళూ రాజనీతిశాస్త్రం చెప్పాను. అందులో అన్నిటికంటే పాత ప్రశ్న, మనిషి పుట్టుకతో ఎలాంటివాడు అని. మనిషి స్వార్థపరుడు, భయం లేకపోతే ఒకణ్ణొకడు పీక్కుతింటాడు, అందుకే రాజ్యం కావాలి అన్నవాళ్ళు ఒక పక్షం. మనిషి స్వతహాగా మంచివాడే, ఏర్పాట్లు చెడ్డవైతే చెడిపోతాడు అన్నవాళ్ళు ఇంకో పక్షం. ఇదిగో, ఈ పక్కన కూచున్న కామరాజు మొదటి పక్షం, నేను రెండోది. గోదావరి జిల్లానుంచి ఉద్యోగానికొచ్చి మా పక్క వాటాలోనే దిగాడు కాబట్టి, స్టాఫ్ రూములో మొదలెట్టిన వాదన ఇంటిదాకా వచ్చేది. టీలు చల్లారిపోయేవి గాని కామరాజు చల్లారేవాడు కాదు. (నవ్వులు)

తొంభై ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం, ఎక్కడో గ్యాసు ట్యాంకు పేలింది, విషవాయువు వస్తోంది అని పుకారు పుట్టింది. మీలో చాలామంది ఆ రోజు పరిగెత్తినవాళ్ళే. తాయారు కాలు విరిగి కట్టుతో ఉంది. నేనూ కామరాజూ కలిసి ఆవిణ్ణి ఆటోలో కూచోబెట్టి ఊరికి దూరంగా పెందుర్తి దారి పట్టాం. ఆటోనగర్ దాటాక కూడలిలో లారీలు, బస్సులు, స్కూటర్లు ఒకదానికొకటి అడ్డంపడి ఏదీ కదలడం లేదు. వెనకనుంచి జనం తోసుకొస్తున్నారు. ఇక్కడే అయిపోతామేమో అనిపించింది నాకు.

కామరాజు ఆటో దిగి, గొడుగు పట్టుకుని కూడలి మధ్యకెళ్ళి నిలబడ్డాడు. ఒక వైపు బళ్ళని ఆపి ఇంకో వైపు వదలడం మొదలెట్టాడు. మా ముందున్న ఆటో డ్రైవరు, తవిటయ్య అని తర్వాత తెలిసింది, ఎదురు తిరిగాడు.

"నాను ముందొచ్చాను. నన్నాపడానికి నువ్వేటి పోలీసువా?"

"నేనెవర్నీ కాదు నాయనా. ఆ వేన్లో అమ్మాయికి నొప్పులొస్తున్నాయి. అది వెళ్ళాకే నువ్వు."

తవిటయ్య వేను వైపు చూశాడు. ఆటో వెనక్కి తీసి, తానూ దిగొచ్చి రెండో వైపు నిలబడ్డాడు. అతన్ని చూసి ఒక లారీ డ్రైవరు దిగాడు. మెల్లగా దారి పడింది.

మా వంతు వచ్చేసరికి కామరాజు మా ఆటోకే గొడుగు అడ్డం పెట్టాడు. వెనక ముసలివాళ్ళతో ఒక బస్సుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. "కామరాజూ, లోపలున్నది తాయారయ్యా" అని అరిచాను. మా ఆవిడే నా చెయ్యి పట్టుకుని, "ఆళ్ళనెళ్ళనీండి, మనం కూకునే ఉన్నాం కదా" అంది.



మేం దాదాపు చివర్న దాటాం. ఏ ట్యాంకూ పేలలేదని సాయంత్రానికి తేలింది. ఆ అమ్మాయి పెందుర్తిలో క్షేమంగా ప్రసవించిందని తవిటయ్యే కనుక్కుని వచ్చి చెప్పాడు.

మర్నాడు స్టాఫ్ రూములో కామరాజు, "చూశావా బావా, వట్టి మాటకి ఊరంతా పరిగెత్తింది" అన్నాడు. "పరిగెత్తింది, కాని ఆగమంటే ఆగింది కదా" అన్నాను. "ఎవడో ఒకడు ఆపకపోతే తొక్కుకు చచ్చేవాళ్ళు" అన్నాడు. అదీ నిజమే. (కామరాజు వైపు తిరిగి) కాని బావా, అధికారం ఏదీ లేకుండా అంతమంది మధ్య నిలబడ్డావంటే, వాళ్ళు నీ మాట వింటారని నీలో ఏదో ఒక మూల నమ్మకం ఉండబట్టే కదా? ఈ ప్రశ్న ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. ఇదిగో, ఇవాళ అడిగితే గడియారం చూసుకుంటున్నాడు. (నవ్వులు)

నా స్థానంలోకి వస్తున్న యశస్విని గారికి ఒకటే మనవి. రెండు పక్షాలూ సమానంగా చెప్పండమ్మా. పిల్లలు మీతో వాదిస్తే వాదించనివ్వండి.

మా ఇద్దరిలో ఎవరు గెలిచారో నాకు తెలీదు. మనుషుల్ని నమ్మనన్న నా స్నేహితుడే, మనుషుల్ని నమ్మవచ్చని నాకు చూపించాడు. ఆ ధైర్యంతోనే ఇంటికెళ్తున్నాను. ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞుణ్ణి. సెలవు.