తవుడుకు కొన్న బిడ్డ

చింతామణి ఊరికి కరెంటు మోటర్లు వచ్చి, వేరుశనగ మిల్లుల్లో ఆయిల్ ఇంజిన్లు మూలపడిన కాలం. ఇంజిన్ ఫిట్టరు మునినారాయణ భార్య అంజనమ్మ, సాయంత్రం పాలు పిండే వేళకు పక్కింటి చౌడమ్మ కొట్టంలోకి వచ్చి కూర్చుంది. ఎందుకొచ్చిందో చౌడమ్మకు తెలుసు. అయినా ఐదుగురు కొడుకులను కని పెంచిన మనిషి, అంత సులువుగా బయటపడుతుందా! ఎనుము పొదుగు వైపు ముఖం పెట్టుకుని, ఊరూపేరూ లేని కబుర్లన్నీ తవ్వి తీస్తోంది.

“…అది కాదే అంజనా, ఆ ఆఫ్రికా అనేది బొంబాయికి అవతలా, ఇవతలా?”

“అవతలక్కా. బొంబాయిలో ఓడెక్కి, ఇంక దినాలకొద్దీ పోవాలంట.”

“దినాలకొద్దీ నీళ్ళేనా! చెరువు నిండితేనే నాకు తల తిరుగుతాది. ఆడ ఏం మిల్లో?”

“చక్కెర మిల్లు. గుజరాతీ శేట్‌ది. మా ఆయన పని తెలిసిన మనిషని ఇల్లిచ్చి, పెండ్లాం బిడ్డల్తో సహా రమ్మన్నారు. ఈడ ఇంకేముండాదక్కా? స్విచ్చి నొక్కితే మోటరు తిరుగుతాంటే ఫిట్టరుతో ఏం పని? నలభై ఏండ్లొచ్చినాయి. ఇప్పుడు కొత్త పని యాడ నేర్చుకుంటాడు?”

“పోండి తల్లీ, సల్లగా పోండి. నేనేమన్నా పోవద్దంటినా? రాగిపిండి మూట కట్టుకో. ఆడుండేటోళ్ళు సంగటి తింటారో లేదో. ఏమే, మజ్జిగ తాగుతావా?”

“వద్దక్కా. నీతో ఒక మాట…”

“ఉండు, దూడను కట్టేసొస్తా.”

“దూడ కట్టేసే ఉండాదక్కా.”

“ఉంటే ఉండనీ! ఇంకోసారి కట్టేస్తా, నీకేమి?”

“అక్కా…”

“సరే, నేనే అడుగుతా. చల్లకొచ్చి ముంత దాచినట్ల ఇంకెంతసేపే? తవుడు తెచ్చినావా?”

“తవుడు… అదే చెప్దామని…”

“అదేం చెప్పేది? తెస్తే పొయ్యాల, అంతే. నీకు పుట్టిన ఆడబిడ్డ పుట్టినట్ల పోతాంటే మా అత్త ఏం చెప్పె? ఈసారి పుట్టినదాన్ని తిప్ప మీద పడేయండి, బిడ్డలు నిలబడిన మనిషి ఎవరన్నా తవుడిచ్చి కొనుక్కోనీ, ఎవరి బిడ్డో తెలీక సావు తిరిగి పోతాది అనె. పెంటలోనుంచి దాన్ని ఎత్తుకోని, చాటెడు తవుడు నీ ఒళ్ళో పోసింది నేనే గదా? తిప్పమ్మ అని పేరు పెట్టింది నేనే గదా? ఇప్పుడు అదే చాటెడు తవుడు నా ఒళ్ళో పోసి, నీ బిడ్డను నువ్వు కొనుక్కోని పో. పెండ్లప్పుడు తిరిగి కొనుక్కోవాల్సింది, ఓడ కోసం ముందుగా కొనుక్కుంటాండావు. న్యాయమే. నేను కాదంటానా?”

“నా మాట వినక్కా…”

“వినేదేముండాది? నాకు నేనే చెప్పుకుంటాండా వారం నుంచి. దాని సంబరం చూస్తాండావా? పుట్టినప్పటి నుంచి నన్ను అమ్మా అనె, నిన్ను చిన్నమ్మా అనె. మొన్న నా చెవిలో చెప్తాది: ‘అమ్మా, నన్ను కొనుక్కున్నాక చిన్నమ్మను అమ్మా అని పిలవచ్చంట గదా? మరి నిన్నేమనాల?’ ఏడవలేక నవ్వినా. ‘నన్ను పాలామె అను పోవే’ అన్నా.”

“చెప్పొద్దక్కా… అట్ల చెప్పొద్దు…”

“నువ్వేడుస్తావేందే? ఏడవాల్సింది నేను. నాకు పుట్టినోళ్ళందరూ మొగోళ్ళే. వేలు పెట్టి జడ అల్లేదానికి ఇంట్లో ఇంకో తల లేదు నాకు. అదిగో, వీధిలోనుంచి అరుస్తాండాది చూడు నీ కూతురు. నా కూతురు. ఎవరి కూతురో పో!”

“చిన్నమ్మోవ్! ఓడలో కోతులుంటాయంట, నాగరాజ చెప్తాండాడు! నిజమేనా?”

“ఉంటాయి తిప్పీ. పో, ఆడుకోపో.”

“నా పచ్చ పావడ పెట్టెలో పెట్టినావా?”

“పెట్టినా.”

“పైన పెట్టు చిన్నమ్మా! ఓడ దిగేటప్పుడు కట్టుకోవాల!”

“సరే పోవే… పో…”

“చూసినావా అంజనా, దిగేటప్పుడు కట్టుకుంటాదంట, మహారాణి! ఎక్కేటప్పుడు ఏం కట్టుకుంటాదో!”

“పెట్టలేదక్కా.”

“ఏంది?”

“పావడ. పెట్టెలో పెట్టలేదు. తిప్పి రాదు. నీకాడే ఉండనీ.”

“…ఏమంటివి?”

“నీకాడే ఉండనీ అక్కా.”

“అంజనా. ఎనుము కాలి కింద కూర్చున్నాను, ఎగతాళి చెయ్యొద్దు. పాలు ఒలికిపోతాయి.”

“ఎగతాళి కాదు.”

“ఒక్క గడియ నా పాపిష్టి గుండె ఎగిరిందే సంతోషంతో, దేవుడు క్షమించనీ! ఎందుకు రాదు? చెప్పు. ఎందుకు రాదు?”

“ఆడ ఇస్కూలు లేదంట.”

“నీ మొగపిల్లోళ్ళిద్దరికీ ఉండే ఇస్కూలు దీనికి లేదా?”

“ఎండలు జాస్తి అంట.”

“చింతామణిలో వెన్నెల కాస్తాందా?”

“పర్మిట్ రాలేదక్కా! మా ఇద్దరికీ, మొగపిల్లోళ్ళిద్దరికీ వచ్చింది. తిప్పి పేరు దాంట్లో లేదు.”

“ఎందుకు లేదు?”

“బెంగళూరు కచేరిలో… బిడ్డలిద్దరే అని రాసుకున్నారు.”

“ఇద్దరని ఎవరు చెప్పె? ఆఁ, ఉండుండు, తెలిసె! మీ అలవాటు నాకు తెలీదా? ‘బిడ్డలెందరప్పా మునినారాయణా’ అని ఎవరడిగినా, ‘ఇద్దరు, ఆ పాప చౌడమ్మది’ అని. సావు వింటాదని సంతలో కూడా అట్లే చెప్తిరి. ఆ అలవాటుకొద్దీ సర్కారు కచేరిలోనూ అనేసినాడా నీ మొగుడు? వాని నోట్లో మన్ను పొయ్య! యాడ ఏం చెప్పాల్నో తెలీదా మనిషికి?”

“ఆయన్ననొద్దు.”

“అంటా! ఇంజినుకు నట్టు బిగించేటప్పుడు ఉండే తెలివి యాడ పోయె? రేపు మొదటి బస్సుకు నేనూ వస్తా. నేనే చెప్తా ఆ గుమాస్తాకు. ‘అయ్యా, తవుడిచ్చి కొన్నదాన్ని నేను, కన్నది ఇది’ అని. హెబ్బెట్టు ఒత్తమంటే ఒత్తుతా. పది వేళ్ళూ ఇంకులో ముంచి ఒత్తుతా!”

“ఆయన ముగ్గురనే చెప్పినాడక్కా.”

“ఆఁ?”

“ముగ్గురనే రాయించినాడు. తిప్పి పేరే ముందు రాయించినాడు.”

“మరి కొట్టేసిందెవరే?”

“గుమాస్తా నన్ను లోపలికి పిలిచె. తిప్పి బయట అరుగు మీద ఉండె. కాగితంలో పేరు చదివి, ‘ఈ మగు నిమ్మదేనమ్మా?’ అని, ఈ బిడ్డ నీదేనా అని అడిగె. నాదే అని చెప్పి హెబ్బెట్టు ఒత్తాల. అంతే పని.”

“ఒత్తినావు గదా?”

“ఇంకు డబ్బీ నా ముందరికి తోసె.”

“అంజనా, ఒత్తినావు గదా?”

“కాదన్నా.”

“ఏమన్నావూ?”

“నా బిడ్డ కాదన్నా అక్కా. పక్కింటామె పాప, మా ఆయన ప్రేమకొద్దీ రాయించినాడు అన్నా. ఆయన అట్లే నిలబడిపోయినాడు. బస్సులో మాట్లాడలేదు. ఇప్పటికీ నాతో మాట్లాడలేదు.”

“ఎట్ల మాట్లాడతాడే! నీది కన్నకడుపా, బండరాయా? నోరు లేని ఎనుము కూడా తన దూడను కాదనదు గదే! ఆ పసిది ఓడ ఓడ అని వీధంతా ఎగురుతాంటే, నువ్వు చూస్తా చూస్తా… నాకు మేలు చేసినాననుకున్నావా? పెంచుకునేదానికి ఆడబిడ్డ లేదు పాపం, పడేసి పోదామనుకున్నావా? నాకొద్దు! దాని మీద నాకు ప్రాణముండాది, అయినా ఇట్ల నాకొద్దు. రేపు పెద్దదై, ‘కన్నతల్లి నన్నెందుకు కాదనె’ అని అడిగితే నేనేం చెప్పాల? నోరు తెరువు! ఏం చెప్పాల?”

“ఏమన్నా చెప్పు. మా అమ్మ చెడ్డది అని చెప్పు.”

“చెడ్డదానివి కాదే నువ్వు. అదే నాకు అర్థం కాలేదు.”

“ఆ కచేరికి పోకముందు ఫోటోకని ఒకసారి బెంగళూరికి పోయింటిమి గదక్కా. ఆ పొద్దు తిప్పి నా చెయ్యి పట్టుకోని, ఎవరికీ వినపడకుండా, ‘అమ్మా’ అనె. మొదటిసారి. నేను ‘ఓ’ అని పలికినా. పలక్కూడదని తెలుసు. పలక్కుండా ఉండలేకపోతి. తిరిగొచ్చే బస్సు హొసకోట దాటలేదు, ఒళ్ళు పెనం మాదిరి కాలె. కండ్లు తేలేసె.”

“ఆ జొరమా! ఎత్తుకోనొచ్చి నా ఒళ్ళో పడేసి, ‘నీ బిడ్డను నువ్వే చూసుకో’ అని పరిగెత్తితివే… ఆ పొద్దేనా?”

“ఆ పొద్దే. నీ ఒళ్ళో పడినాక దిగె.”

“డాక్టరిచ్చిన మందుకు దిగె, పిచ్చిదానా! నేనే తాపిస్తి గదా! మందుకు దిగె!”

“ఏమోనక్కా. నాది అన్న ఆడబిడ్డలు ముగ్గురూ మట్టిలో ఉండారు. కాదన్నది ఒక్కటే బతికుండాది. ఔనని నేనెట్ల ఒత్తేది?”