కరువు పెంచిన మనిషి

కళ్యాణదుర్గం దగ్గరి పల్లె. ఎనభైల్లో, వరసగా మూడో ఏడు వానల్లేని కాలం. ఊరి బయట కుంట తవ్వే కరువు పని జరుగుతోంది. కాలేజీలో పాఠాలు చెప్పే తిప్పేస్వామి ఆ పని దగ్గరే సభ పెట్టి, అందులో మాట్లాడించడానికి అమ్మమ్మ భద్రమ్మను పిలుచుకుపోవాలని వచ్చాడు. ఆమె అరుగు మీద కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది.

"లేయవ్వా. జనం సంగటి తినేదానికి పారలు పక్కన పెట్టే టయమైంది. ఆ గంటలోనే చెప్పల్ల."

"ఈ చాటెడు కానీలే."

"ఇందాక గూడా చాటెడే అంటివి."

"అది వేరే చాట. నువ్వూ కూర్చోని నాలుగు ఒలుచు. వేళ్ళకు పనుంటే నోరు నిదానిస్తాది."

"వానే లేదు. ఈ విత్తనం యాడ ఏస్తావు?"

"ఒలవకుండా కూర్చుంటే మాత్రం వస్తాదా వాన?"

"అవ్వా, నాతో తమాషాలాడొద్దు. నాకు ఒళ్ళు మండుతాండాది. మూడూర్లు తిరిగినా. మొదటూర్లో నన్ను గవర్నమెంటోడనుకోని, బోరు యాడ ఏస్తారు సార్ అన్నారు. రెండో ఊర్లో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు మనుషుల్ని పట్టేవోడనుకోని మొగోళ్ళంతా లేచి పోయినారు."

"మూడో ఊర్లో?"

"ఆడ బాగా విన్నారు. చప్పట్లు గూడా కొట్టినారు."

"ఇంకేమప్పా, మంచిదే గదా."

"అంతా అయినాక, బియ్యం ఎప్పుడిస్తారు సార్ అన్నారు."

"పాపం. అంతసేపూ ఓర్చుకోనుండారే."

"నవ్వు. నువ్వు గూడా నవ్వు. ఒక్క మనిషికి, ఒక్క మనిషికైనా ఇది ఎక్కల్ల గదా. రేయింబగళ్ళు సదివి, రాసి, సొంత దుడ్లతో బస్సులెక్కి తిరుగుతాంటే..."

"సరేలే, కోపం చేసుకోవాక. ఇంగో తూరి చెప్పు నాకు. ఏమిరా నువ్వు చెప్పేది?"

"ఎన్ని తూర్లు చెప్పల్ల?"

"నేనేమన్నా నీ మాదిరి సదివినానా? రెండో క్లాసులో అయ్యవారు బెత్తమెత్తితే పరిగెత్తి వచ్చినదాన్ని. ఆయప్ప పేరు హనుమంతప్ప, ఎడం కాలు కుంటి. అయినా నాకంటే జోరుగా పరిగెత్తుతాండె..."

"అవ్వా."

"చెప్పు, చెప్పు."

"యాడో చల్లటి దేశంలో ఒక డాక్టరుండాడు. మనసుకు వైద్యం చేసేవోడు. ఆయన రాసినాడు. మనిషికి పెద్ద కష్టమొచ్చి, లోపలుండేదంతా కూలిపోయిందనుకో, అది రోగం గాదంట. పాత మనిషి పోయి అంతకంటే పెద్ద మనిషి పుట్టేదానికి పడే నొప్పులంట అవి. పురుటి నొప్పుల మాదిరి."

"పురుట్లో పోయేవోళ్ళు గూడా ఉంటారే."

"ఏమి?"

"వాళ్ళ మాట రాసినాడా ఆయప్ప?"

"రాసినాడు. అందరూ లేస్తారని ఏమీ అనలేదు. కొంచెం రాసినాడు."

"కొంచెం."

"అబ్బా, అవ్వా. గోడ అనుకో. పాత గోడ పడిపోతాది. పడినాకనే గదా, ఈ తూరి పునాది సరిగ్గా తీసి ఎత్తుగా లేపేది."

"లేపల్లంటే మట్టి తడపల్ల గదా నాయనా. నీళ్ళు యాడుండాయి?"

"నీళ్ళు... అది మాట వరసకు చెప్తి."

"నేను మాట వరసకు అడగలేదు. పడిపోయిన మనిషిని లేపల్లంటే పక్కన ఎవరో ఒకరికి ఇంత తడి ఉండల్ల. ఊరంతా ఒకే తూరి ఎండిపోతే ఎవరు ఎవర్ని తడిపేది?"

"అందుకే ఊరంతటికీ చెప్పల్లంటాండా. ఒకడికి తెలిస్తే చాలదు. జిల్లా అంతా ఈ కరువును చూసే చూపు మారిపోవల్ల. ఇప్పుడు అందరూ తలకాయ చేతుల్లో పెట్టుకోని కూర్చుండారు. మేము నాశనమైపోతాండాము అనుకుంటాండారు. అట్లా గాదు, లోపల ఏదో పెరుగుతాండాది అని తెలిస్తే నిలబడతారు గదా. నేను చెప్తే వినరు, నేను ప్యాంటు తొడుక్కోని వచ్చినోణ్ణి. నువ్వు చెప్తే వింటారు. భద్రమ్మవ్వ అంటే చుట్టూ ఏడూర్లు వింటాయి."

"కుంట కాడికి పోయింటివే. నడుమ నడుమ మట్టి దిమ్మెలు వదిలిపెట్టినారు, చూసినావా?"

"కొలత దిమ్మెలు. ఎంత లోతు తవ్వినారో ఓవర్సీరు కొలిచేదానికి వదుల్తారు. ఇప్పుడు అదెందుకు?"

"ఒక దిమ్మె పోయిన వారం మోకాలంత ఉండె. నిన్న చూస్తే నా ఎత్తు ఉండాది. పెరిగిందంటావా?"

"అది యాడ పెరుగుతాదవ్వా. చుట్టూ తవ్వేసినారు."

"నన్ను పెద్ద మనిషంటాండావు. నా ఈడోళ్ళు ఈ ఊర్లో ఎంతమంది మిగిలినారు? రామసుబ్బమ్మ పోయె. చౌడప్ప పోయె. నాకంటే తెలివైన ఆంజినమ్మ, ఆయమ్మ పాడితే ఎద్దులు నిలబడి వింటాండె, ఆయమ్మా పోయె. చుట్టూ తవ్వుకోని పోయినారు. నేను ఎత్తుగా కనపడతాండా, అంతే."

"ఎంత చక్కగా తప్పించుకుంటావో. సరే, నేనే అడుగుతా. పంటొచ్చిన ప్రతి ఏడూ ఇంటింటికీ పోయి చాటెడు కొర్రలడిగి, పాతరలో పోపించింది ఎవరు?"

"నేనే."

"పోయినేడు మొగోళ్ళంతా బెంగుళూరికి పనులకు పోతే, ముసలోళ్ళకూ బిడ్డలకూ ఆ గింజలతో మూడు నెల్లు అంబలి కాచి పోసింది ఎవరు?"

"నేనొక్కదాన్నే కాచితినా? బయ్యన్న పెండ్లాము కట్టెలు తెచ్చె..."

"ఎవరు మొదలుపెట్టినారు?"

"నేనే లేరా."

"ఎప్పుడు?"

"చాట నిండొచ్చె, ఆ గంప ఇట్లా జరుపు."

"ఎప్పుడవ్వా?"

"గంజి కరువు అయినాక."

"అద్గదీ. దానికి ముందర నువ్వెవరు? ఎవరికీ తెలీని ఒక కోడలివి. ఆ కరువు నిన్ను విరిచె. విరిచి ఇంత మనిషిని చేసె. నేను చెప్పేదే ఇది గదా. అవునా, కాదా?"

"పుచ్చు కాయొకటి తగిలింది. చూస్తాండా."

"అవ్వా, నీ కాళ్ళకు మొక్కుతా. ఒక్క పది నిమిషాలు."

"ఆడికొచ్చి ఏమి చెప్పల్ల నేను?"

"ఉండేది ఉన్నట్టు చెప్పు. సర్కారోళ్ళు గంజి పోసిన ఆ కేంద్రం కాడ ఏమి జరిగింది, నీ మనసు ఎట్లా మారింది, అది చాలు."

"ఉండేది ఉన్నట్టేనా?"

"అవును."

"నీకు నిజం కావల్లనా, నీ మాటకు సాక్ష్యం కావల్లనా?"

"రెండూ ఒకటే గదవ్వా."

"అయితే విను. ఈడ ఒకతూరి విను, ఆడ చెప్పల్లనా వద్దా నువ్వే చెప్పు. తెల్లదొరల కాలం. మనిషికి ఒక చెంబు గంజి. బండ్ల బాట పొడుగునా వరస. మీ తాత బళ్ళారి దిక్కు పనికి పోయి ఏడు నెలలు, ఉండాడో లేడో తెలీదు. నా కొడుకు, జయరాముడు, ఇంట్లో జొరంతో పడుండాడు."

"జయరాముడా? నీకు కొడుకుండెనా?"

"మూడేండ్లు ఉండె. నా ముందర ఒకాయమ్మ నిలబడుండాది. యా ఊరో తెలీదు. చంకలో ఆడబిడ్డ, రెండేండ్లుంటాయేమో. ఆయమ్మ చెంబులో పోసినాక గంగాళం అడుగు కనపడె. అయిపోయింది పో, అనె పోసేవోడు."

"నువ్వేమి చేసినావు?"

"గుంజుకుంటి."

"ఏమి గుంజుకుంటివి?"

"ఆయమ్మ చేతిలో చెంబు. ఒక తోపు తోస్తి, పడిపోయె. గట్టిగా పట్టుకునే సత్తువ గూడా లేదు ఆయమ్మకు. నేను ఎనక్కి చూడకుండా పరిగెత్తి వస్తి. నా కొడుక్కు తాపిస్తి. రెండు గుక్కలు మింగె. పొద్దు మునగక ముందే వాడు పోయె."

"అవ్వా..."

"మూడోనాడు మళ్ళా పోతి, అదే చోటికి. ఆయమ్మ గోడకు ఆనుకోని కూర్చున్నట్టే ఉండాది. ఊపిరి లేదు. బిడ్డ ఆ కొంగు చప్పరిస్తాండాది."

"ఎప్పుడూ చెప్పలేదే నువ్వు."

"ఎవరడిగినారు? భద్రమ్మ పెద్ద మనసుతో పాతర పెట్టిందంటారు. పెద్ద మనసు గాదు రా. ఇంగో తూరి అట్లాంటి వరసలో నిలబడితే, మళ్ళా గుంజుకుంటానని నాకు తెలుసు. ఆ వరసే ఉండగూడదని పెట్టిస్తి."

"అదేనవ్వా ఎదగడమంటే. నువ్వు నీ భయాన్ని చూసినావు, దాన్నించి ఊరికి మేలు చేసినావు. ఆ డాక్టరు చెప్పేదీ అదే. ఇది ఆడ చెప్పినావంటే..."

"ఇది గూడా నీకు పనికొచ్చిందా?"

"అట్లా గాదు. జనం నమ్ముతారు. ఇంతవరకూ ఎవరూ ఇట్లా చెప్పలేదు. నువ్వు నిలబడినావు గదా, అది చూస్తారు."

"నేను నిలబడితి. ఆయమ్మ? ఆయమ్మ ఏమి పెరిగింది రా ఆ గోడ కింద కూర్చోని? కష్టం మనిషిని పెంచుతాదని నువ్వంటే, ఆడ కుంటలో మట్టి మోసేవోళ్ళలో రేపు పడిపోయేవోళ్ళు, మాకే చేతగాలేదు అనుకోని పోతారు. దానికి నేను సాక్ష్యం రావల్లనా?"

"నేను అట్లా చెప్పడం లేదు. నువ్వు నా మాట తిప్పేస్తాండావు."

"సరే, నేనే తిప్పినాలే. ఇంతసేపు నాకేమైంది, నాకేమైంది అని అడిగితివి. అడగల్సింది ఒకటి వదిలిపెడితివి."

"ఏమి వదిలిపెడితి? ... ఆ బిడ్డనా? ఆ బిడ్డ ఏమైంది?"

"ఎత్తుకోని వస్తి. ఇంగ ఇది నా బిడ్డే అని ఊరికి చెప్తి. పెంచితి, పెండ్లి చేస్తి. ఒక కొడుకును కనింది. వాడిప్పుడు, కరువు మనిషిని పెంచుతాదని ఊరూరా చెప్పుకుంటా తిరుగుతాండాడు."